రాయగడ, కోరాపుట్ వైపు కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్నారా? పరిచయాలు పెంచుకుని ప్లాంటు ఉద్యోగం దాకా వెళ్లడం ఎలా

"మనవాళ్లెవరూ లేరు కదా, ఉద్యోగం ఎవరు చెబుతారు?" ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలో కెమికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఈ మాట తరచూ వినిపిస్తుంది. గుణుపురంలో చదివినా, రూర్కెలా, బుర్లా వెళ్లినా, పర్లాకిమిడి నుంచి విశాఖ చేరినా దిగులు ఇదే. పేరున్న కంపెనీల రిక్రూటర్లకు వందలకొద్దీ మెసేజ్‌లు పెట్టి, జవాబు రాక నీరసపడేవాళ్లు ఎక్కువమంది. నా సలహా దీనికి తిరగేసి ఉంటుంది. ముందు ఇంటి చుట్టుపక్కల ప్లాంట్లలో ఏం జరుగుతోందో తెలుసుకోండి. తర్వాత ఆ పని చేసేవాళ్లను పని గురించే అడగండి. ఉద్యోగం సంగతి ఆ తర్వాత.

ముందు పటం గీయండి

ఒక తెల్లకాగితం తీసుకుని మీ ఊరు మధ్యలో పెట్టండి. రైల్లో నాలుగైదు గంటల్లో చేరగలిగే ప్లాంట్లన్నీ దాని చుట్టూ గుర్తించండి. రాయగడ వాళ్లయితే జేకేపూర్‌లోని జేకే పేపర్ మిల్లు పక్కనే ఉంది. కోరాపుట్ లైన్‌లో టికిరి దగ్గర ఉత్కళ్ అల్యూమినా, ఇంకా ముందుకెళ్తే దామన్‌జోడిలో నాల్కో రిఫైనరీ. టిట్లాగఢ్ వైపు తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ ప్లాంటు. కలహండి జిల్లా లాంజిగఢ్‌లో వేదాంత అల్యూమినా. గంజాం వైపు వాళ్లకు ఛత్రపూర్ దగ్గర సముద్రపు ఇసుకలోంచి ఖనిజాలు తీసే ఐఆర్ఈఎల్ ఉంది, గంజాంలో కాస్టిక్ సోడా ప్లాంటు ఉంది. పైకి వెళ్తే పారాదీప్‌లో ఇండియన్ ఆయిల్ రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీలు. కిందికి దిగితే పైడిభీమవరం బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లు, విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, కోరమాండల్, స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, నక్కపల్లి.

పటంలో ప్రతి ప్లాంటు పక్కనా మూడు సంగతులు రాయండి. ముడిసరుకు ఏది, ఎక్కడి నుంచి వస్తుంది? తయారయ్యేది ఏది, ఎక్కడికి పోతుంది? మధ్యలో జరిగే ముఖ్యమైన పని ఏమిటి?

రాస్తున్నకొద్దీ ఒక ప్లాంటుకీ ఇంకో ప్లాంటుకీ ఉన్న లంకెలు బయటపడతాయి. దామన్‌జోడికి బాక్సైట్ (అల్యూమినా తీసే ఖనిజం) పక్కనే ఉన్న పంచపట్‌మాలి కొండ మీద నుంచి వస్తుంది. దాన్ని కరిగించడానికి కాస్టిక్ సోడా కావాలి. తయారైన అల్యూమినాలో కొంత అంగుల్ స్మెల్టర్‌కి పోతుంది, కొంత విశాఖ పోర్టు మీదుగా ఎగుమతి అవుతుంది. అదే పోర్టులో కాస్టిక్ దిగుమతి కూడా జరుగుతుంది. అంటే అల్యూమినా మీద ఆసక్తి ఉన్నవాళ్లకి రిఫైనరీ గేటు ఒక్కటే దారి కాదు. కాస్టిక్ తయారీ, పోర్టులో నిల్వ, నీటి శుద్ధి రసాయనాలు అమ్మే కంపెనీలు, పంపులు, వాల్వులు సరఫరా చేసేవాళ్లు, అల్యూమినా తీయగా మిగిలే ఎర్రమట్టి మీద పరిశోధన చేసే ల్యాబులు, వీటన్నిటిలో పని ఉంటుంది. పేపర్ మిల్లుకు సరుగుడు, నీలగిరి, సుబాబుల్ కర్ర అమ్మే రైతులు మీ చుట్టాల్లోనే ఉండొచ్చు. పల్ప్ ప్లాంటు కథ మొదలయ్యేది వాళ్ల పొలంలోనే.

ప్లాంటు లోపలికి వెళ్లకుండానే ప్లాంటును చదవండి

విద్యార్థులు దాదాపు వాడుకోని మంచి వనరు ఒకటుంది. పెద్ద ప్లాంటు పెట్టాలన్నా, సామర్థ్యం పెంచాలన్నా 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకోవాలి. అందుకోసం కంపెనీ ఇచ్చే ఈఐఏ రిపోర్టులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో చూడొచ్చు. వాటిలో ప్రాసెస్ వివరణ, ఫ్లో డయాగ్రమ్, నీటి లెక్క, ముడిసరుకు లెక్క, ప్రమాదాల అంచనా ఉంటాయి. పబ్లిక్ హియరింగ్ కోసం చేసే సారాంశం ఒడియాలోనూ ఉంటుంది. మీరు స్కూల్లో ఒడియా చదివి ఉంటే ఇక్కడ అది పనికొస్తుంది. అనుమతి వచ్చాక కంపెనీలు ఆరు నెలలకోసారి ఇచ్చే కంప్లయన్స్ రిపోర్టులూ చూడండి. ప్లాంటు నిజంగా దేనితో ఇబ్బంది పడుతోందో వాటిలో కొంత తెలుస్తుంది.

ఒక్క ప్లాంటు తీసుకోండి. ఆ రిపోర్టు ముందు పెట్టుకుని మీ టెక్స్ట్‌బుక్ తెరవండి. ఉదాహరణకు పేపర్ మిల్లు. కర్ర ముక్కలను డైజెస్టర్‌లో ఉడికించాక నల్లటి ద్రవం మిగులుతుంది, దానికి బ్లాక్ లిక్కర్ అని పేరు. ఎవాపరేటర్లలో దాన్ని చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో కాలుస్తారు. ఆవిరి వస్తుంది, అడుగున కరిగిన సోడా ఉప్పు ముద్దగా దిగుతుంది. ఆ ముద్దను నీళ్లలో కరిగించి, సున్నంతో కాస్టిసైజ్ చేసి, మళ్లీ ఉడికించడానికి వాడే వైట్ లిక్కర్ తయారు చేస్తారు. మాస్ బ్యాలెన్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, ఎవాపరేషన్, రియాక్షన్ ఇంజనీరింగ్ అన్నీ ఈ ఒక్క చక్రంలోనే ఉన్నాయి.

దీన్నే డీడబ్ల్యూసిమ్‌లో కొంతవరకు కట్టి చూడండి. అది ప్లాంటు ప్రాసెస్‌ని కంప్యూటర్‌లో నడిపి చూపే, ఉచితంగా దొరికే సిమ్యులేటర్. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకాన్ని ప్రోత్సహించే ఐఐటీ బాంబేలోని ఫాసీ బృందం, విద్యార్థులు చేసిన ఫ్లోషీట్లను పరిశీలించి ప్రచురిస్తుంది, సర్టిఫికెట్‌తో పాటు గౌరవ వేతనం కూడా ఇస్తుంది. డబ్బు కట్టి నేర్చుకునే ఆస్పెన్ సిమ్యులేటర్ కోర్సు కన్నా, మీ ఊరి ప్లాంటులోని ఎవాపరేటర్ సెక్షన్ మీద చేసిన ఒక ఫ్లోషీట్ ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

ఎవరిని అడగాలి

ఇక మనుషులు. మొదటి పరిచయం కోసం జనరల్ మేనేజర్ దాకా పోకండి. ఆయన మర్యాదగా "ఆల్ ది బెస్ట్" అని పంపేస్తారు. మీకు కావలసినవాళ్లు వీళ్లు.

కాలేజీ నుంచి బయటికెళ్లి రెండు మూడేళ్లయిన సీనియర్లు. వాళ్లకి ఇంటర్వ్యూ ప్రశ్నలు ఇంకా గుర్తుంటాయి, మొదటి ఆరు నెలల టెన్షన్ కూడా గుర్తుంటుంది. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గర జాబితా ఉంటుంది, అడిగితే ఇస్తారు.

ఐటీఐలో ఏఓసీపీ (కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్) ట్రేడ్ గానీ, డిప్లొమా గానీ చేసి ఆపరేటర్లుగా ఉన్నవాళ్లు. మీ వీధిలోనే ఒకాయన ఉంటారు. పంపు కావిటేషన్‌లోకి వెళ్తే (లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటే) ఎలాంటి చప్పుడు వస్తుందో పుస్తకం చెప్పలేదు, ఆయన చెప్తారు. చాలామంది బీటెక్ పిల్లలు వీళ్లను పట్టించుకోరు. అది అహంకారమే కాదు, నష్టం కూడా.

రిటైరై విజయనగరంలోనో విశాఖలోనో స్థిరపడ్డ ఇంజనీర్లు. వీళ్ల దగ్గర సమయం ఉంటుంది, చెప్పాలన్న ఉత్సాహం ఉంటుంది, పాత సహోద్యోగుల ఫోన్ నంబర్లు ఉంటాయి.

కూలింగ్ వాటర్ రసాయనాలు, పంపులు, సీళ్లు, ఇన్‌స్ట్రుమెంట్లు అమ్మే కంపెనీల ఫీల్డ్ ఇంజనీర్లు. ఈ నెల దామన్‌జోడి, వచ్చే నెల పారాదీప్ తిరుగుతుంటారు. ఎక్కడ కొత్త లైన్ పడుతోందో, ఎక్కడ షట్‌డౌన్‌కి మనుషులు కావాలో అందరికంటే ముందు తెలిసేది వీళ్లకే. పైగా అదే ఉద్యోగం మీకూ సరిపడొచ్చు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చినవాళ్లు ఆ పనిలో బాగా రాణిస్తారు.

తెలుగువాళ్లతో మాట్లాడటం తేలిక కాబట్టి అక్కడే ఆగిపోకండి. కంట్రోల్ రూమ్‌లో ఒడియా నడుస్తుంది, కాంట్రాక్టు పనివాళ్లతో హిందీ నడుస్తుంది. ఒడియా సీనియర్‌ని "నమస్కార్ ఆజ్ఞా" అని పలకరించి ఆయన భాషలోనే నాలుగు ముక్కలు మాట్లాడితే వచ్చే చనువు ఇంగ్లీషు మెయిల్‌తో రాదు.

ఎలా అడగాలి

"సార్, మీ కంపెనీలో ఏమైనా వేకెన్సీ ఉందా?" ఈ ఒక్క వాక్యంతో సంభాషణ అక్కడికక్కడే ముగుస్తుంది. షిఫ్ట్ ఇంజనీర్ చేతిలో ఉద్యోగాలు ఉండవు. లేనిది అడిగితే ఆయన ఇబ్బందిపడి తప్పించుకుంటారు. ఆయన చేతిలో ఉన్నది అనుభవం. దాన్ని అడగండి. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"నమస్కారం సార్. నేను కెమికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను, మాది రాయగడ. మీరు రికవరీ సెక్షన్‌లో పని చేశారని మా సీనియర్ చెప్పారు. బ్లాక్ లిక్కర్‌లో ఘనపదార్థం శాతం బాగా పడిపోతే బాయిలర్‌కి ఫైరింగ్ ఆపేస్తారని చదివాను. నీరు ఎక్కువైతే కరిగిన ఉప్పుతో కలిసి పేలుడు జరుగుతుందని అర్థమైంది. ప్లాంటులో ఆ శాతాన్ని ఎలా గమనిస్తారో, అలారం వస్తే ముందు ఏం చేస్తారో మీకు వీలైనప్పుడు ఒక పది నిమిషాలు చెప్పగలరా? మీ షిఫ్ట్ చూసుకుని ఎప్పుడు చేయమంటే అప్పుడు ఫోన్ చేస్తాను."

ఇందులో మీరెవరో ఉంది, నంబరు ఎలా దొరికిందో ఉంది, మీరు ముందే ఎంత చదివారో ఉంది. అడిగింది చిన్నది, ఒక్కటే. అల్యూమినా ఇంజనీర్‌ని అయితే ప్రెసిపిటేషన్‌లో సీడ్ ఎందుకు వేస్తారు, ఎవాపరేటర్ ట్యూబుల్లో స్కేలింగ్ ఎలా తొలగిస్తారు, ఎర్రమట్టితో పాటు పోయే సోడాను ఎలా తగ్గిస్తారు అని అడగొచ్చు. ఫార్మా వాళ్లనైతే ల్యాబులో బాగా వచ్చిన రియాక్షన్‌ని పెద్ద రియాక్టర్‌లో చేసేటప్పుడు వేడి తీయడం ఎందుకు కష్టమవుతుందో అడగండి.

షిఫ్టుల సంగతి మర్చిపోవద్దు. చాలా ప్లాంట్లలో ఎ షిఫ్ట్ ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, బి షిఫ్ట్ రాత్రి 10 దాకా, సి షిఫ్ట్ తెల్లవారి 6 దాకా. సి షిఫ్ట్ దిగిన మనిషికి పొద్దున్న 9కి ఫోన్ చేస్తే ఆయనకి అది అర్ధరాత్రి.

అడగకూడనివీ ఉన్నాయి. డ్రాయింగుల కాపీలు, ప్లాంటు డేటా, లోపలి ఫోటోలు అడగొద్దు. అవతలి మనిషి ఉద్యోగానికి ముప్పు. జీతం ఎంత అన్న ప్రశ్న మొదటి రెండు మాటల్లో రాకూడదు. ఎవరితోనైనా మాట్లాడాక ఆయన పేరు చెప్పుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్లాలంటే ముందు అనుమతి తీసుకోండి.

మాట్లాడాక అసలు పని మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో "మీరు చెప్పినట్టు ఫలానా చాప్టర్ చదివాను, ఇది అర్థమైంది, ఇక్కడ ఆగాను" అని ఒక చిన్న మెసేజ్ పెట్టండి. తర్వాత మూడు నెలలకోసారి ఏం చేస్తున్నారో రెండు లైన్లు చాలు. పండగ పూట ఫార్వర్డ్ చేసే పూలబొమ్మలు దీని కిందికి రావు. ఒక నోట్‌బుక్‌లో ఎవరితో, ఎప్పుడు, దేని గురించి మాట్లాడారో, వాళ్లు ఏం చదవమన్నారో రాసి పెట్టుకోండి. ఇలా ఏడాది నడిస్తే, ఖాళీ వచ్చినప్పుడు చాలాసార్లు వాళ్లే "రెజ్యూమె పంపు" అంటారు. అప్పుడు రిఫరల్ అడగడం అడుక్కున్నట్టు ఉండదు.

ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్ వృథా చేసుకోకండి

వేసవి ట్రైనింగ్ కోసం దరఖాస్తు వేసవిలో పెట్టకండి. జనవరి, ఫిబ్రవరిలోనే కాలేజీ లెటర్, ఐడీ కార్డు, ఇన్సూరెన్స్ కాగితం సిద్ధం చేసుకుని కంపెనీ ట్రైనింగ్ విభాగానికి పంపండి. అడిగే కాగితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. సీట్లు తక్కువ, ఉద్యోగుల పిల్లలే చాలామంది ఉంటారు. నోట్‌బుక్‌లో ఉన్నవాళ్లను అడగాల్సిన సందర్భం ఇదే. దామన్‌జోడి, టికిరి లాంటి చోట్ల అద్దె గది దొరకడం కష్టం కాబట్టి బస ఏర్పాటు కూడా ముందే అడగండి.

లోపలికి వెళ్లాక చాలామంది పాత రిపోర్టు కాపీ చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మీరు ఒక్క సెక్షన్ పట్టుకోండి. పైపుల వెంట నడిచి లైన్ ట్రేస్ చేయండి, చేత్తో స్కెచ్ గీయండి, దాన్ని ఆపరేటర్‌కి చూపించి తప్పులు దిద్దించుకోండి. ఫోన్ గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి చిన్న పుస్తకం, పెన్ను కావాలి. సేఫ్టీ షూ మీ సైజుది మీరే కొనుక్కుంటే మంచిది, స్టోర్‌లో ఇచ్చేది సరిపోక నెలంతా కుంటుతూ తిరగాల్సి వస్తుంది. వర్క్ పర్మిట్ (మరమ్మతు మొదలుపెట్టే ముందు ఇచ్చే రాతపూర్వక అనుమతి) ఎలా ఇస్తారు, పంపు మెయింటెనెన్స్‌కి ఇచ్చే ముందు కరెంటు ఎలా లాక్ చేస్తారు అన్నవి దగ్గరుండి చూడండి. వీటి మీద ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడుగుతారు.

భద్రత విషయంలో మన చుట్టుపక్కల జరిగినవి తెలిసి ఉండాలి. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవం) ఆవిరి బయటికి ఎందుకు వచ్చింది? నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత పెరగడం, పాలిమరైజేషన్‌ని ఆపే ఇన్‌హిబిటర్ తగ్గడం, రియాక్షన్ వేడి తనను తానే పెంచుకోవడం, ఇవన్నీ వరసగా వివరించగలగాలి. అది చెప్పగలిగినవాళ్లకు హాజప్ (ప్రాసెస్‌లో ఎక్కడ ఏ ప్రమాదం రావొచ్చో వరసగా వెతికే పద్ధతి) అంటే ఏమిటో విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

పరీక్షలు, అప్రెంటిస్, సర్టిఫికెట్లు

గేట్ మూడో సంవత్సరంలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. 100 మార్కుల్లో ఆప్టిట్యూడ్‌కి 15, మ్యాథ్స్‌కి 13 పోతాయి. ఈ రెండూ వదిలేసి రియాక్షన్ ఇంజనీరింగ్ మీదే కూర్చునేవాళ్లు ర్యాంకు పోగొట్టుకుంటారు. నాల్కో లాంటి సంస్థలు గేట్ స్కోరు మీద ట్రైనీలను తీసుకుంటూ వచ్చాయి, హెచ్‌పీసీఎల్ సొంతంగా కంప్యూటర్ పరీక్ష పెడుతుంది. ఏటా పద్ధతి మారొచ్చు కాబట్టి నోటిఫికేషన్ మీరే చదవండి, కోచింగ్ సెంటర్ పోస్టర్ నమ్మొద్దు.

డిగ్రీ అయ్యాక ఖాళీగా ఉండే బదులు ఏడాది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరడం మంచిది. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకమైన నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇక్కడ సరిహద్దు వాళ్లకు ఒక చిక్కుంది: ఒడిశా కోల్‌కతా కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంతంలోకి, ఆంధ్ర చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతంలోకి వస్తాయి. చాలా అప్రెంటిస్ ప్రకటనల్లో ఫలానా రాష్ట్రం వాళ్లే అని ఉంటుంది. చదివిన కాలేజీ ఏ రాష్ట్రంలో ఉంది, సొంత ఊరు ఏ రాష్ట్రంలో ఉంది, ప్రకటన ఏది అడుగుతోంది అన్నది ముందే సరిచూసుకోండి.

దీనికంటే పెద్ద చిక్కు కులం సర్టిఫికెట్. ఎస్సీ, ఎస్టీ, కేంద్ర ఓబీసీ జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఆంధ్రలో జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో లేకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండొచ్చు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకి ఇది తరచూ తగులుతుంది. రెండో సంవత్సరంలోనే తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లి రెసిడెంట్ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి. ఓబీసీ అయితే కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో క్రీమీలేయర్ కాదన్న కాగితం కావాలి, రాష్ట్రం ఇచ్చే మామూలు సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. ప్లాంటు కోసం మీ కుటుంబం భూమి ఇచ్చి ఉంటే ఆ కాగితాలు కూడా బయటికి తీయండి, అక్కడ ఉద్యోగం అడిగేటప్పుడు పనికి రావచ్చు.

సంఘాలు, సభలు

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ ఇంజనీర్స్ 1947లో మొదలైంది, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో. కాలేజీలో స్టూడెంట్ చాప్టర్ ఉంటే చేరండి, లేకపోతే ఒక అధ్యాపకుడిని పట్టుకుని పెట్టించండి. ఏటా డిసెంబరులో జరిగే కెమ్‌కాన్ సభ దగ్గర్లో పడినప్పుడు పోస్టర్ తీసుకుని వెళ్లండి. విశాఖలోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. సభలో ఉపన్యాసాల కన్నా టీ బల్లల దగ్గర నిలబడటమే ఎక్కువ ఉపయోగం. వక్త చెప్పిన దాంట్లోంచే ఒక ప్రశ్న అడిగి, మీ ఫ్లోషీట్ గురించి ఒక్క నిమిషం చెప్పి, మెయిల్ అడ్రసు తీసుకుని పక్కకి తప్పుకోండి.

లింక్డ్‌ఇన్‌లో పెద్ద మాటలు అక్కర్లేదు. మీరు చదివిన ప్లాంటు, గీసిన ఫ్లోషీట్, నేర్చుకున్న ఒక్క సంగతి రాయండి. ట్రైనింగ్‌లో చూసిన అంకెలు మాత్రం రాయొద్దు. రెజ్యూమె ఒక్క పేజీ చాలు. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు వచ్చన్న లైన్ అడుగున కాకుండా పైన పెట్టండి.

అమ్మాయిలు ఒక విషయం మొహమాటం లేకుండా ముందే అడగాలి: రాత్రి షిఫ్టులు ఉన్నాయా, ఉంటే వాహనం, హాస్టల్, సెక్షన్‌లో ఇంకో మహిళా ఇంజనీర్ ఉన్నారా అని. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న అమ్మాయి నంబరు సంపాదించి ఆవిడనే అడగడం మేలు. హెచ్ఆర్ చెప్పేది, ఆవిడ చెప్పేది ఒక్కోసారి ఒకటి కాదు.

ఇక డబ్బు అడిగేవాళ్లు. రిఫైనరీలో సీటు ఉంది, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి అంటూ కంపెనీ లోగోతో ఆఫర్ లెటర్లు పంపే ముఠాలు రాయగడ నుంచి విశాఖ దాకా పిల్లలున్న ఇళ్లనే వెతుక్కుంటాయి. పరీక్ష ఫీజు తప్ప ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగానికి డబ్బు తీసుకోవు. లెటర్ వచ్చిన మెయిల్ అడ్రసు కంపెనీ సొంత డొమైన్‌దా కాదా చూడండి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేయండి, నోట్‌బుక్‌లో ఉన్న ఇంజనీర్‌ని ఒక మాట అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వెరిఫికేషన్ పేరుతో ఏ కన్సల్టెన్సీలోనూ వదిలిపెట్టి రాకండి. జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి, అప్పుడే వెనక్కి తీసుకోండి.